మాత్ర ముందొచ్చింది, జబ్బు పేరు వెనకొచ్చింది

అమెరికాలో మూడేళ్ల నుంచి పదిహేడేళ్ల వయసు పిల్లల్లో 11.4 శాతం మందికి, అంటే సుమారు 71 లక్షల మందికి, ఎప్పుడో ఒకప్పుడు ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవకపోవడం, అతిచురుకుదనం కలిసిన సమస్య, ఉందని వైద్యులు చెప్పారట. తల్లిదండ్రులను అడిగి 2022లో చేసిన సర్వే లెక్క ఇది. 2003లో నాలుగేళ్లు నిండినవాళ్లతో మొదలుపెట్టి ఇలాంటి సర్వేనే చేస్తే 7.8 శాతం తేలింది. ఇరవై ఏళ్లలో పిల్లలే అంత మారిపోయారా, లేక పిల్లలను చూసే తీరు మారిందా అని ఒక తగువు. బడికెళ్లే పసివాళ్లకు స్టిమ్యులెంట్లు, అంటే మెదడును ఉత్తేజపరిచే మందులేమిటని ఇంకో తగువు. ఇదంతా స్మార్ట్‌ఫోన్ల కాలంలో పుట్టిన గొడవ అన్నట్టు మాట్లాడేవాళ్లే ఎక్కువ. కానీ పిల్లలకు ఈ రకం మాత్రలు ఇవ్వడం 1937లోనే మొదలైంది. ఏడీహెచ్‌డీ అన్న పేరు పుట్టింది 1987లో. మధ్యలో యాభై ఏళ్లున్నాయి. ఇప్పటి వాదనల్లో చాలావాటి మూలాలు ఆ యాభై ఏళ్లలోనే దొరుకుతాయి.

కుదురులేని పిల్లలను వైద్యులు పట్టించుకోవడం అంతకన్నా పాత సంగతి. 1902లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు వరసగా మూడు ఉపన్యాసాలిచ్చాడు. తెలివితేటలకు లోటు లేకపోయినా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి చెబుతూ, దాన్ని నైతిక నిగ్రహంలో లోపమన్నాడు. తర్వాత 1917 ప్రాంతంలో మెదడువాపు మహమ్మారి ఒకటి ప్రపంచాన్ని చుట్టేసింది. బతికి బయటపడ్డ పిల్లల్లో కొందరి నడవడి పూర్తిగా మారిపోయింది. అంతకుముందు నెమ్మదిగా ఉన్నవాళ్లు కాలు నిలవని తుంటరులయ్యారు. దాంతో ఇలాంటి నడవడి వెనక మెదడుకు తగిలిన దెబ్బ ఏదో ఉండి ఉంటుందన్న ఆలోచన బలపడింది.

రోడ్ ఐలండ్ రాష్ట్రంలో జార్జ్ బ్రాడ్లీ అనే సంపన్నుడి కూతురు ఎమ్మాకు కూడా చిన్నతనంలో మెదడువాపు సోకి తీరని నష్టం చేసింది. అలాంటి పిల్లల కోసం ఆ కుటుంబం ఇచ్చిన ఆస్తితో 1931లో ఈస్ట్ ప్రావిడెన్స్‌లో ఆమె పేరు మీద ఒక ఆసుపత్రి తెరిచారు. పిల్లలు అక్కడే ఉండేవారు, బడి కూడా లోపలే. ఆ కుటుంబానికే చెందిన డాక్టర్ చార్లెస్ బ్రాడ్లీ అక్కడ పనిచేసేవాడు.

మెదడును ఫొటో తీయడానికి అప్పట్లో వాడుకలో ఉన్న దారి ఇది. వెన్నులో సూది గుచ్చి మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తోడేసి, ఆ ఖాళీలోకి గాలి పంపి ఎక్స్‌రే తీసేవారు. ఆ తర్వాత పిల్లలకు భరించలేని తలనొప్పి వచ్చేది. పోయిన ద్రవం తొందరగా ఊరితే నొప్పి తగ్గుతుందన్న ఆశతో బ్రాడ్లీ వాళ్లకు బెంజెడ్రిన్ ఇచ్చి చూశాడు. బెంజెడ్రిన్ అంటే ఆంఫెటమిన్ అనే స్టిమ్యులెంట్. తలనొప్పికి ఒరిగిందేమీ లేదు గానీ, ఆ పిల్లలు లెక్కలు చకచకా చేసేస్తున్నారని బడి పంతుళ్లు గమనించారు.

బ్రాడ్లీ దాన్ని అక్కడితో వదిలిపెట్టలేదు. ఐదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలు 30 మందిని తీసుకున్నాడు. ఒక వారం ఊరికే గమనించాడు, రెండో వారం రోజూ పొద్దున్నే మాత్ర వేశాడు, మూడో వారం ఆపేశాడు. 14 మంది చదువులో చెప్పుకోదగ్గ మార్పు వచ్చింది. వేసిన రోజే కనిపించిన ఆ మార్పు ఆపిన రోజే పోయింది. పిల్లలు వాటికి లెక్కల మాత్రలని పేరు కూడా పెట్టేశారు. 1937లో ఈ సంగతి అమెరికన్ సైకియాట్రీ పత్రికలో అచ్చయింది.

ఇక్కడ ఒక విషయం దగ్గరగా చూడాలి. ఆ 30 మందికీ ఉన్నది ఒకే జబ్బు కాదు. చదువులో వెనకబడ్డవాడున్నాడు, ఎవరితోనూ కలవకుండా ముడుచుకుపోయేవాడున్నాడు, మూర్ఛరోగంతో పాటు దూకుడు ఉన్నవాడూ ఉన్నాడు. మందు పనిచేసింది ఏ రోగం మీదో బ్రాడ్లీకే తెలియదు. తెలిసిందల్లా తరగతి గదిలో తేడా కనిపించిందని. అప్పుడు పాఠం చెప్పేవాళ్ల కళ్లు చేసిన పనే, ఈనాటికీ ఈ జబ్బు నిర్ధారణలో సగం పని.

ఆ తర్వాత ఇరవై ఏళ్ల పాటు బ్రాడ్లీని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అమెరికా మనోవైద్యంలో ఫ్రాయిడ్ శిష్యుల హవా నడుస్తున్న రోజులవి. పిల్లవాడి సమస్యకు కారణం తల్లి పెంపకంలో వెతికేవారే తప్ప మాత్రలో పరిష్కారం వెతికేవారు కాదు. ఈలోగా 1944లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో, సీబా కంపెనీలో, లియాండ్రో పానిత్సోన్ అనే రసాయన శాస్త్రవేత్త మిథైల్‌ఫెనిడేట్ అనే మరో స్టిమ్యులెంట్ తయారుచేశాడు. అతని భార్య మార్గరీట్ టెన్నిస్ ఆడేముందు అది వేసుకుని హుషారుగా ఉందనేది, ఆమె ముద్దుపేరు రీటా మీదుగానే మందుకు రిటాలిన్ అని పేరు పెట్టారు. 1955లో అమెరికాలో అనుమతి వచ్చాక దాన్ని మొదట నీరసానికి, దిగులుకు అమ్మారు. పిల్లల వైపు తిరిగింది 1960లలో. 1957లో సోవియట్ స్పుత్నిక్ ఎగిరాక అమెరికా బడుల మీద చదువు ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిందనీ, అంతకుముందు ఎలాగో నెట్టుకొచ్చిన అల్లరి పిల్లలు అప్పటి నుంచి సమస్యగా కనిపించారనీ కొందరు చరిత్రకారులంటారు. నాకు ఆ మాట సమంజసంగానే తోస్తుంది.

మొదటి పెద్ద రభస 1970 జూన్‌లో అయింది. నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహా నగరంలో బడిపిల్లల్లో 5 నుంచి 10 శాతం మందికి నడవడి మందులు మింగిస్తున్నారని వాషింగ్టన్ పోస్ట్ రాసింది. ఆ శాతం ప్రత్యేక తరగతుల పిల్లలకు సంబంధించినదనీ, ఊరి పిల్లలందరిదీ కాదనీ తర్వాత తేలింది. సవరణను ఎవరు పట్టించుకుంటారు? పౌరహక్కుల ఉద్యమం వేడి ఇంకా చల్లారలేదు. బడిలో నల్లజాతి పిల్లలను మందులతో అణచి కూర్చోబెడుతున్నారన్న అనుమానం అంటుకుంది. న్యూజెర్సీ సభ్యుడు కోర్నీలియస్ గలఘర్ ఆ సెప్టెంబరులోనే కాంగ్రెస్‌లో విచారణ జరిపాడు. వైద్యం ఎలా ఉన్నా, బడి పిల్లవాడి మెదడు దాకా చెయ్యి చాపవచ్చా అన్నది అక్కడ తేలాల్సిన ప్రశ్న. మరుసటి ఏడాది ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం, సరిగా నిర్ధారణ చేస్తే మందు మంచిదేనంది. అదే 1971లో మిథైల్‌ఫెనిడేట్‌ను కట్టుదిట్టమైన నియంత్రణ ఉన్న మందుల షెడ్యూలులోకి మార్చారు. మంచిదనడం, దాన్ని తాళం వేసి పెట్టడం, రెండూ ఒకే ఏడాది!

పేర్ల సంగతికొస్తే, మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వేసే చేతిపుస్తకం డీఎస్‌ఎం 1968లో అతిచురుకుదనాన్ని లెక్కలోకి తీసుకుంది, 1980లో శ్రద్ధ లోపాన్ని ముందుకు తెచ్చింది, 1987లో రెండూ కలిపి ఏడీహెచ్‌డీ అంది. 2013లో లక్షణాలు ఏడేళ్లలోపు కనిపించాలన్న నియమాన్ని పన్నెండేళ్లకు సడలించింది. గీత ఇలా జరిగిన ప్రతిసారీ ఇంకొందరు పిల్లలు లోపలికొచ్చారు.

రక్తపరీక్షకు గానీ, స్కానింగుకు గానీ దొరికే జబ్బు కాదిది. సైకాలజిస్ట్ కీత్ కానర్స్ 1969లో టీచర్ల కోసం ఒక ప్రశ్నావళి అచ్చువేశాడు. కుర్చీలో మెదులుతుంటాడా, మొదలుపెట్టిన పని పూర్తిచేస్తాడా, ఇలాంటి వాక్యాల ఎదురుగా అసలు లేదు, కొంచెం, బాగా, మరీ ఎక్కువ అనే నాలుగు గడుల్లో ఒకదానికి టిక్కు పెట్టాలి. ఇప్పుడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇంటికి స్కూలు నుంచి వచ్చే వాండర్‌బిల్ట్ ఫారం కూడా ఆ కోవలోదే. ముప్పై మంది పిల్లలతో సతమతమయ్యే టీచరుకు "కొంచెం" ఎక్కడ ఆగి "బాగా" ఎక్కడ మొదలవుతుందో ఎవరు చెప్పగలరు? ఆ కానర్సే 2013లో, ఎనభై ఏళ్ల ముసలితనంలో, నిర్ధారణలు ఈ లెక్కన పెరగడం జాతీయ స్థాయి విపత్తని న్యూయార్క్ టైమ్స్‌తో అన్నాడు.

మందు పనిచేసింది కాబట్టి జబ్బు ఉన్నట్టే అనే మాట ఇక్కడా అక్కడా వింటూ ఉంటాం. దానికి 1978లోనే జవాబు దొరికింది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జూడిత్ రాపపోర్ట్ బృందం ఏ సమస్యా లేని 14 మంది మగపిల్లలకు డెక్స్‌ట్రోఆంఫెటమిన్ ఇచ్చి చూసింది. వాళ్లూ నెమ్మదించారు, వాళ్ల శ్రద్ధా పెరిగింది. అంతవరకూ హైపర్ పిల్లలకే ఈ మందు విచిత్రంగా తిరగబడి పనిచేస్తుందని నమ్మేవారు. ఆ నమ్మకానికి ఆధారం పోయింది.

అలాగని జబ్బే లేదు, అంతా కంపెనీల మాయ అనేవాళ్లతోనూ నేను ఏకీభవించను. కంపెనీల పాత్ర ఉంది. 1987లో మొదలైన తల్లిదండ్రుల సంఘం చాడ్‌కు రిటాలిన్ తయారీదారు నుంచి పెద్దమొత్తంలో డబ్బు అందిందని 1995లో బయటపడింది. కానీ కవలల మీద చేసిన అధ్యయనాలు ఈ లక్షణాల్లో వంశపారంపర్యం పాలు చాలా ఎక్కువని పదేపదే చూపించాయి. స్వీడన్‌లో 25 వేల మందికి పైగా ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల రికార్డులు పరిశీలిస్తే, మందు వాడే కాలంలో మగవాళ్లలో నేరాలు 32 శాతం, ఆడవాళ్లలో 41 శాతం తక్కువని 2012లో తేలింది. ఇది కొట్టిపారేసే సంగతి కాదు.

రెండు పక్షాలూ తమకు కావలసినంత మేరకే ఉదహరించే అధ్యయనం ఇంకొకటుంది. ఎంటీఏ అంటారు. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 579 మందిని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు జాగ్రత్తగా మోతాదు సరిచేస్తూ మందు, రెండో జట్టుకు నడవడి శిక్షణ, మూడో జట్టుకు రెండూ, నాలుగో జట్టుకు ఊళ్లో డాక్టర్లు మామూలుగా చేసే వైద్యం. 14 నెలలయ్యాక, 1999లో ఫలితాలొచ్చాయి. ప్రధాన లక్షణాల్లో మందు జట్టూ, రెండూ అందిన జట్టూ ముందున్నాయి. మందుల పక్షం పండగ చేసుకుంది. నిజానికి నాలుగో జట్టులో మూడింట రెండొంతుల మంది వాడిందీ అదే తరగతి మందు. అయినా వెనకబడ్డారు. నెలనెలా కూర్చోబెట్టి మాట్లాడి మోతాదు సరిచూడటానికీ, చీటీ రాసిచ్చి పంపేయడానికీ మధ్య అంత తేడా ఉంది. ఇక మూడో ఏటికి, 2007లో అచ్చయిన ఫలితాల్లో, జట్ల మధ్య తేడాలు చెరిగిపోయాయి. మందు వాడుతూ వచ్చిన పిల్లల ఎదుగుదల సుమారు రెండు సెంటీమీటర్లు వెనకబడింది. ఈసారి అవతలి పక్షం పండగ చేసుకుంది. అప్పటికే ఎవరికి నచ్చిన వైద్యానికి వాళ్లు మారిపోయారన్న మాట ఎవరూ గట్టిగా చెప్పలేదు.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసేది పుట్టినరోజుల లెక్క. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో బడిలో చేరే వయసుకు డిసెంబరు 31 గడువు. డిసెంబరులో పుట్టినవాడు తరగతిలో అందరికన్నా చిన్నవాడు, జనవరివాడు దాదాపు ఏడాది పెద్దవాడు. తొమ్మిది లక్షల మందికి పైగా పిల్లల రికార్డులు చూస్తే, డిసెంబరు మగపిల్లలకు జనవరి వాళ్లకన్నా నిర్ధారణ 30 శాతం, మందులు 41 శాతం ఎక్కువ. ఆడపిల్లల్లో తేడా ఇంకా పెద్దది, 70 శాతం, 77 శాతం. ఇది 2012 మాట. సెప్టెంబరు 1 గడువున్న అమెరికా రాష్ట్రాల్లో ఆగస్టు పిల్లల విషయంలో 2018లో ఇలాంటిదే తేలింది. వంశపారంపర్యంగా వచ్చే జబ్బు క్యాలెండర్ చూసి రాదు కదా. జబ్బు నిజమే కావచ్చు, దాన్ని పట్టే వల మాత్రం వయసులో చిన్నవాళ్లను కూడా కలిపి లాగేస్తోంది.

మన దేశానికొస్తే కథ తలకిందులు. కోయంబత్తూరు ప్రైమరీ బడుల్లో చేసి 2013లో అచ్చువేసిన అధ్యయనం 11.32 శాతం మందిలో ఈ లక్షణాలున్నాయంది. కానీ మిథైల్‌ఫెనిడేట్ ఇక్కడ షెడ్యూల్ ఎక్స్ మందు. ప్రత్యేక లైసెన్సు ఉన్న దుకాణంలోనే అమ్మాలి, చీటీ రెండు ప్రతుల్లో రాయాలి, ఒకటి దుకాణదారు రెండేళ్లు దాచాలి. ఇంత తతంగం ఎందుకని చాలామంది మందుల షాపులవాళ్లు అసలు తెప్పించరు. అమెరికాలో మామూలుగా రాసే ఆడెరాల్ ఇక్కడ అమ్మకంలోనే లేదు, పిల్లలతో తిరిగొచ్చిన కుటుంబాలు వేరే మందుకు మారాల్సిందే.

చట్టం వైపు చూసినా అంతే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, డిస్‌లెక్సియా వంటి అభ్యసన లోపాలు అందులో ఉన్నాయి, ఏడీహెచ్‌డీ లేదు. డిస్‌లెక్సియా తోడుగా ఉన్న పిల్లవాడికి ఆ సర్టిఫికెట్ మీద పరీక్షలో అదనపు సమయం అడగొచ్చు. ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్నవాడికి ఆ జాబితా దారి చూపదు. మందు వేయిస్తేనే బడికి రానిస్తామని పాఠశాలలు షరతు పెట్టకూడదని అమెరికా 2004లో కేంద్ర చట్టంలోనే రాసుకుంది. ఒమాహా రభస తర్వాత ఆ ఒక్క వాక్యానికి 34 ఏళ్లు పట్టింది.