పీచు అందకపోతే పేగు గోడకే ఎసరు

మనం తిన్నదానిలో పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు చాలావరకు చిన్నపేగులోనే జీర్ణమై ఒంటికి పడతాయి. పీచు మాత్రం అరగకుండా పెద్దపేగు దాకా వెళ్తుంది. దాన్ని విడగొట్టే ఎంజైములు మనకు లేవు, అక్కడ కాపురమున్న బ్యాక్టీరియాకు ఉన్నాయి. బాక్టీరాయిడిస్ థీటాయోటావోమైక్రాన్ అనే ఒక్క జాతిలోనే ఇలాంటి ఎంజైములను తయారుచేసే జన్యువులు 200కు పైగా ఉన్నాయి. 70 కిలోల మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో లెక్కగట్టారు. అన్నీ కలిపి తూచినా పావుకిలో తూగవు.

పీచును పులియబెట్టి అవి వదిలే పదార్థాల్లో బ్యూటిరేట్ ముఖ్యమైనది. పెద్దపేగు గోడ కణాలకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం దీని నుంచే వస్తుంది. దీన్ని మండించడానికి ఆ కణాలు ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. అందువల్ల పేగు లోపల ఆక్సిజన్ దాదాపు మిగలదు, అది దొరికితే చెలరేగే సాల్మొనెల్లా లాంటి క్రిములకు తావు చిక్కదు. యాంటీబయాటిక్ ఇచ్చిన ఎలుకల్లో బ్యూటిరేట్ తగ్గి, ఆక్సిజన్ పెరిగి, సాల్మొనెల్లా విజృంభించింది.

మరి పీచు అందకపోతే బ్యాక్టీరియా ఏం తింటాయి? దీనికి జవాబు తెలిసినప్పటి నుంచి నేను కంచం వైపు చూసే తీరే మారిపోయింది. పెద్దపేగు గోడకు కాపలాగా రెండు వరుసల జిగురు పొర ఉంటుంది. గోడను అంటుకుని ఉన్న వరుస గట్టిగా ఉండి బ్యాక్టీరియాను దగ్గరకు రానివ్వదు. దాని మీది వరుస వదులుగా ఉంటుంది, బ్యాక్టీరియా అందులో తిరుగుతుంటాయి. ఆ జిగురు నిండా చక్కెర గొలుసులే. 2016లో, ఒంట్లో ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలకు మనిషి పేగుల్లో ఉండే 14 జాతుల బ్యాక్టీరియాను ఎక్కించి, కొన్నిటికి పీచు లేని మేత పెట్టారు. ఆకలిగొన్న బ్యాక్టీరియా జిగురు మీద పడ్డాయి. పొర పలచబడింది. తరువాత పేగు జబ్బు తెచ్చే క్రిమిని ఎక్కిస్తే ఆ ఎలుకలే ఎక్కువగా దెబ్బతిన్నాయి.

ఎలుకల మాట అలా ఉంచితే, 2015లో వెలువడిన ఒక పరిశోధనలో 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లు, 20 మంది దక్షిణాఫ్రికా గ్రామీణులు రెండు వారాల పాటు ఒకరి తిండి ఒకరు తిన్నారు. అమెరికన్ల రోజువారీ పీచు 14 గ్రాముల నుంచి 55 గ్రాములకు పెరిగింది. వారి పెద్దపేగులో బ్యూటిరేట్ తయారీ పెరిగి, వాపు లక్షణాలు తగ్గాయి. గ్రామీణుల్లో ఇదంతా తలకిందులైంది. రెండే వారాల్లో!

పేగు బ్యాక్టీరియా మన మనసును సంతోషంగా ఉంచుతాయనే ప్రచారాన్ని మాత్రం నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. మనసు తీరుతో ముడిపడిన సెరటోనిన్ అనే రసాయనంలో ఒంట్లో ఉన్నదానిలో 90 శాతం పేగుల్లోనే తయారవుతుందన్నది నిజమే, కానీ అది రక్తం నుంచి మెదడులోకి వెళ్లలేదు.

పీచు పెంచాలనుకునేవారు గింజధాన్యాలు, పప్పులు, కూరగాయలు, పండ్లు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఒక్కసారిగా పెంచితే అవి పులిసే వేగానికి వాయువు చేరి కడుపు ఉబ్బుతుంది. ఇప్పటికే పేగు జబ్బు ఉన్నవారు ముందు వైద్యుణ్ని అడగాలి.