కణాలను విడదీసేది బరువు చూసి కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: పదార్థానికి మూలకణాలు మూడే. ప్రోటాన్, న్యూట్రాన్, ఎలక్ట్రాన్.

బడి పుస్తకాల్లో ఈ మూడింటినీ ఒకే వరసలో చూసి చూసి మనసులో నాటుకుపోయిన మాట ఇది. వీటిలో మూలకణం ఎలక్ట్రాన్ ఒక్కటే. ఇంతవరకు ఏ ప్రయోగంలోనూ దాని లోపల ఇంకేదీ కనిపించలేదు. ప్రోటాన్, న్యూట్రాన్ క్వార్కులు అనే ఇంకా చిన్న కణాలతో ఏర్పడినవి. ఈ క్వార్కుల ఆలోచన 1964లో గెల్-మన్, జ్వైగ్ అనే భౌతిక శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా చేసినది. కొన్నేళ్లకే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యాక్సిలరేటర్‌లో ఎలక్ట్రాన్లను ప్రోటాన్ల మీదికి వదిలితే, ఊహించినదాని కంటే చాలా ఎక్కువ ఎలక్ట్రాన్లు పెద్ద కోణాల్లో పక్కకు తిరిగిపోయాయి. లోపల బిందువుల్లాంటివి ఏవో ఉంటే తప్ప అలా జరగదు.

అపోహ: లెప్టాన్లు (ఎలక్ట్రాన్ లాంటివి) తేలిక కణాలు, బేరియాన్లు (ప్రోటాన్, న్యూట్రాన్ లాంటివి) బరువైనవి.

ఒకప్పుడు శాస్త్రవేత్తలూ ఇలాగే అనుకున్నారు. ఆ నమ్మకం ఎలా కూలిపోయిందో మా కణభౌతిక రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థికీ తప్పకుండా చెబుతాను. ప్రోటాన్‌నీ న్యూట్రాన్‌నీ కేంద్రకంలో పట్టి ఉంచే బలాన్ని మోసే కణం ఒకటి ఉండాలని 1935లో జపాన్ శాస్త్రవేత్త యుకావా లెక్క కట్టాడు. బరువులో అది ఎలక్ట్రాన్‌కీ ప్రోటాన్‌కీ మధ్యలో ఉండాలి. మరుసటి ఏడాదే కాస్మిక్ కిరణాల్లో సరిగ్గా అలాంటి కణం దొరికింది. ఇదే అదని అందరూ సంతోషపడ్డారు. కానీ రోమ్‌లో కన్వెర్సి, పాన్చిని, పిచ్చోని కలిసి రుణావేశమున్న ఆ కణాలను కార్బన్‌లో ఆపి చూశారు. ప్రబల బలం, అంటే కేంద్రకాన్ని పట్టి ఉంచే ఆ బలం, తగిలే కణమైతే, మైక్రోసెకనులో అతి చిన్న భాగంలోనే కేంద్రకం దాన్ని మింగేయాలి. అలా జరగలేదు. చాలా కణాలు కార్బన్ కేంద్రకాల పక్కనే తాపీగా ఉండి, తమ ఆయుష్షు తీరాక విచ్ఛిన్నమయ్యాయి. ఈ ఫలితం 1947లో వెలువడింది. యుకావా చెప్పిన అసలు కణం, పయాన్, అదే ఏడాది బయటపడింది. అంతకుముందు దొరికినది మ్యూయాన్, అంటే ఎలక్ట్రాన్‌కు బరువైన తోబుట్టువు.

బరువులో మ్యూయాన్, పయాన్ దగ్గర దగ్గరగానే ఉంటాయి: ఒకటి 106 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల బరువును శక్తి ప్రమాణంలోనే చెబుతాం), ఇంకోటి 140. అయినా మ్యూయాన్‌కు ప్రబల బలం తగలదు కాబట్టి అది లెప్టాన్. పయాన్‌కు తగులుతుంది కాబట్టి హేడ్రాన్ (ప్రబల బలం తగిలే కణాల పేరు). టావు అనే లెప్టాన్ అయితే 1,777. ప్రోటాన్‌కు దాదాపు రెట్టింపు!

డిటెక్టర్‌లో మేం ఇప్పటికీ ఈ తేడానే వాడుకుంటాం. ఎలక్ట్రాన్, ఫోటాన్ (కాంతి కణం) శక్తిని కొలిచే పొరల్లో మొదటిదైన క్యాలరీమీటర్‌లోనే శక్తినంతా వదిలేస్తాయి. హేడ్రాన్లు ఎక్కువగా దాన్ని దాటి, ఇంకా మందంగా ఉండే రెండోదానిలో ఆగుతాయి. అన్నిటినీ దాటుకుని చిట్టచివరి పొరలో కూడా గీత గీసిందంటే అది దాదాపు కచ్చితంగా మ్యూయానే.

బోసాన్లన్నీ బలాలను మోసే కణాలే అన్న మాట కూడా తరచుగా వినిపిస్తుంది. అదీ అపోహే. బోసానా ఫెర్మియానా అన్నది తేల్చేది స్పిన్ (కణానికి సహజంగా ఉండే, భ్రమణం లాంటి గుణం) మాత్రమే. స్పిన్ పూర్ణాంకమైతే బోసాన్, సగాల్లో ఉంటే ఫెర్మియాన్. పయాన్ ఒక క్వార్కు, ఒక ప్రతిక్వార్కు (క్వార్కుకు వ్యతిరేక ఆవేశమున్న ప్రతిరూపం) కలిసిన జంట. దాని స్పిన్ సున్నా కాబట్టి అది హేడ్రానూ అవుతుంది, బోసానూ అవుతుంది. హీలియం-4 కేంద్రకం కూడా బోసానే. లెప్టానా హేడ్రానా, బోసానా ఫెర్మియానా: ఇవి రెండు వేరు వేరు వర్గీకరణలు. ఒకదాన్ని ఇంకోదానితో కలిపేస్తేనే గందరగోళం.

అపోహ: ద్రవ్యరాశి అంతా హిగ్స్ క్షేత్రం వల్లే వస్తుంది.

2012లో ఆ క్షేత్రానికి గుర్తైన హిగ్స్ బోసాన్ దొరికినప్పటి నుంచి ఇది బాగా పాకిపోయింది. ఎలక్ట్రాన్ విషయంలో నిజమే. ప్రోటాన్ సంగతి చూడండి. దాని ద్రవ్యరాశి 938 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. అందులోని రెండు అప్, ఒక డౌన్ క్వార్కుల సొంత ద్రవ్యరాశులు కలిపితే దాదాపు 9 మాత్రమే. మిగతాదంతా లోపల క్వార్కుల కదలికది, వాటిని బంధించే గ్లూఆన్ (ప్రబల బలాన్ని మోసే కణం) క్షేత్రానిది. అంటే మన ఒంటి బరువులో దాదాపు అంతా శక్తే. ఎన్నేళ్లు ఈ పనిలో ఉన్నా నాకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది.

చివరిగా, హేడ్రాన్ అంటే మూడు క్వార్కులు (బేరియాన్), లేదంటే క్వార్కు-ప్రతిక్వార్కు జంట (మీసాన్) అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఆ నిర్వచనం ఇప్పుడు చాలదు. 2015లో జెనీవా దగ్గరి కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం నాలుగు క్వార్కులు, ఒక ప్రతిక్వార్కు ఉన్న పెంటాక్వార్కులను చూపించింది. ఆ ఐదూ ఒకే ముద్దగా ఉన్నాయా, లేక ఒక బేరియాన్, ఒక మీసాన్ వదులుగా అంటిపెట్టుకుని ఉన్నాయా అన్నదాని మీద వాదన ఇంకా నడుస్తోంది.