ఇంటి పన్ను మీ పేరు మీద ఉంటే ఇల్లు మీదైపోదు: పెద్ద ఇంటికి మారేవారి అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో బ్యాంకుల తరఫున ఇళ్ల దస్తావేజులు పరిశీలించి న్యాయాభిప్రాయం రాయడం నా వృత్తి. ఉన్న ఇల్లు అమ్మి, ఆ డబ్బుకు కొంత అప్పు కలిపి, పెద్ద ఇల్లు కొనుక్కోవాలనుకునే కుటుంబాల కాగితాలు నా దగ్గరికి చాలా వస్తుంటాయి. పిల్లలు ఎదుగుతారు, పెద్దవాళ్లు మెట్లెక్కలేని వయసుకు వస్తారు, రెండు గదులు ఎటూ చాలవు. మారాలనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ వీరిలో ఎక్కువమంది దెబ్బతినేది కొత్త ఇంటి విషయంలో కాదు, ఇన్నాళ్లూ తమదే అనుకున్న పాత ఇంటి విషయంలో.

అపోహ: ఇంటి పన్ను నా పేరు మీదే వస్తోంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్ముకోగలను.

పన్ను రసీదు పన్ను కట్టినట్టు మాత్రమే చెబుతుంది. ఆస్తి ఎవరిదో చెప్పదు. మున్సిపాలిటీ రికార్డులో పేరు మారినంత మాత్రాన హక్కు రాదని కోర్టులు ఎన్నోసార్లు తేల్చి చెప్పాయి. కరెంటు బిల్లు సంగతీ అంతే. అయినా ప్లాస్టిక్ కవరులో పదిలంగా పెట్టిన పన్ను రసీదుల కట్ట తెచ్చి నా ముందు పెట్టేవారు తగ్గడం లేదు.

మా ఊళ్లోనే ఒక ఉపాధ్యాయుడి ఉదంతం చెబుతాను. పాత పేటలో తండ్రి కొన్న పెంకుటిల్లు. తండ్రి పోయాక పన్ను తన పేరుకు మార్పించుకున్నారు. సిరిమాను పండుగ నాటికి కొత్త ఇంట్లో ఉండాలని మూడు పడకగదుల ఫ్లాటుకు ఐదు లక్షలు బయానా ఇచ్చారు, అదీ నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి. మిగతా సొమ్ముకు మూడు నెలల గడువు. పాత ఇంటికి బేరం త్వరగానే కుదిరింది. కొనేవారు రుణానికి వెళ్లడంతో ఆ కాగితాలు నా దగ్గరికి వచ్చాయి. దస్తావేజు తండ్రి పేరు మీద ఉంది. వారసులు ఎవరెవరని అడిగితే తల్లి, తాను, తమ్ముడు, ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన అక్క అని చెప్పారు. అక్కకు ఇల్లు అమ్ముతున్న సంగతే తెలియదు. ‘ఆవిడకు పెళ్లప్పుడే అన్నీ ఇచ్చేశాం కదండీ’ అన్నారు, ఆ మాటతో విషయం తేలిపోయినట్టు.

తేలలేదు. ఆమె సంతకం లేకుండా ఆ ఇంటి మీద రుణం ఇవ్వవచ్చని నేను రాయలేను, ఏ న్యాయవాదీ రాయకూడదు. అక్క చెడ్డ మనిషేం కాదు. తనతో ఒక్క మాటైనా చెప్పలేదని నొచ్చుకున్నారు, కొన్నాళ్లు ఫోను తీయలేదు. ఆవిడ మెత్తబడి వచ్చి సంతకం పెట్టేసరికి గడువు దాటిపోయింది. అగ్రిమెంటు షరతు ప్రకారం బయానా పోయింది. పాత ఇంటిని కొంటామన్నవారు అప్పటికే మరొకటి చూసుకున్నారు. ఐదు లక్షలు పోయాయి, వడ్డీ మాత్రం నెలనెలా కట్టవలసి వచ్చింది. పండుగకు ఆ ఇంట్లో పొయ్యి మీద పిండివంట ఎక్కలేదని ఆయన భార్య చెబుతుంటే నాకు నోట మాట రాలేదు.

కాబట్టి ఈ ఒక్కటీ గట్టిగా గుర్తుపెట్టుకోండి. హిందూ తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లి బతికుంటే ఆమెకూ సమానంగా వస్తుంది. ఇది 1956 హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. ‘2005లో చట్టం మారింది, మా అక్క పెళ్లి అంతకు ముందే అయింది, ఆమెకు వాటా లేదు’ అని రచ్చబండ దగ్గర విన్న మాటను నా దగ్గర వాదించవద్దు. 2005 సవరణ పూర్వీకుల ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో వచ్చే హక్కు గురించినది. తండ్రి స్వార్జితంలో వాటాకు దానితో పని లేదు, కూతురి పెళ్లి ఎప్పుడైందన్న దానితో అసలే పని లేదు. ఆ పుట్టుక హక్కు విషయంలోనూ, సవరణ నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. కట్నం, పసుపు కుంకుమ ఎంత ఇచ్చినా వాటా రద్దు కాదు. ఆమె తన హక్కును వదులుకుంటూ రాసి, రిజిస్టరు చేయించిన దస్తావేజు ఉంటేనే పోతుంది.

భయపడవలసిన పని లేదు. ముందే మొదలుపెడితే ఇదంతా సాధారణమైన వ్యవహారం. కొత్త ఇల్లు చూడటానికి బయలుదేరేముందు పాత ఇంటికి ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీలు చూపే పత్రం, తీయించండి. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఇల్లు అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు, పోయి ఉంటే సబ్‌ రిజిస్ట్రార్ కార్యాలయంలో నకళ్లు తీసుకోండి. తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం సిద్ధం చేసుకోండి. తర్వాత రెండు దారులు: వారసులందరూ కలిసి విక్రయ దస్తావేజు మీద సంతకాలు పెట్టడం, లేదా ముందుగా వాటాలు పంచుకునే భాగపరిష్కార దస్తావేజో, మిగతావారు వాటా వదులుకునే హక్కు విడుదల దస్తావేజో రిజిస్టరు చేయించుకుని ఒక్కరే అమ్మడం. ఎక్కువ కుటుంబాలకు మొదటిదే సులువు, ఖర్చూ తక్కువ.

ఉద్దానం వైపు కుటుంబాల్లో అన్నో తమ్ముడో గల్ఫులో ఉండటం మామూలే. అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపితే చాలు. అయితే అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించాలి. చనిపోయిన సోదరుడికి మైనరు పిల్లలుంటే వారి వాటా అమ్మడానికి జిల్లా కోర్టు అనుమతి కావాలి. దానికి నెలలు పడుతుంది, తొందరపెడితే వచ్చేది కాదు.

వీటన్నిటికీ ముందు చేయవలసింది, కాగితం చేత్తో పట్టుకుని కాకుండా ఒకసారి ఊరికే అక్కచెల్లెళ్ల ఇంటికి వెళ్లి మాట్లాడటం. సంతకం కోసం మాత్రమే గుర్తుకొచ్చామన్న బాధ ఎన్ని దస్తావేజులను ఆపిందో నేను చూశాను.

అపోహ: భోగాపురం విమానాశ్రయం వల్ల రేట్లు పెరిగిపోతున్నాయి. ఆషాఢం రాకముందే బయానా ఇచ్చేయాలి.

ఈ మాట మీతో అన్నది ఎవరో చూడండి. అమ్మేవారో, మధ్యవర్తో అయి ఉంటారు. విమానాశ్రయం వల్ల మీ పాత ఇంటి కాగితాలు వాటంతట అవే సరికావు. ముందు పాత ఇంటికి కొనుగోలుదారు కుదిరి అగ్రిమెంటు రాసుకోవాలి, ఆ తర్వాతే కొత్త ఇంటికి బయానా. వేరే దారి లేకపోతే, ‘దస్తావేజుల్లో లోపం వల్ల బ్యాంకు రుణం తిరస్కరిస్తే బయానా వెనక్కి ఇవ్వాలి’ అన్న షరతు అగ్రిమెంటులో ఉండేలా చూసుకోండి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. అడిగేవారే తక్కువ.

అపోహ: ధరలో చాలా భాగం బ్యాంకే ఇస్తుంది, మన చేతిలో పెద్దగా ఉండనక్కరలేదు.

అరవై లక్షల ఇల్లే అనుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ముప్పై లక్షలు దాటి డెబ్బై ఐదు లక్షల వరకు ఉండే రుణం ఇంటి విలువలో 80 శాతం మించకూడదు. అంటే పన్నెండు లక్షలు మీవి. స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం కలిపి మరో నాలుగున్నర లక్షలు. దీన్ని బ్యాంకు ఇంటి విలువలో కలపదు. ఇల్లు సర్దుకోవడానికి అయ్యేది వేరు.

అపోహ: 1,500 అడుగుల ఫ్లాటంటే 1,500 అడుగుల ఇల్లు.

కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల నిజంగా వాడుకోగల నేల, ఎంతో అడగండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం చెప్పి తీరాలి. టేపు పట్టుకెళ్లి గదులు కొలుచుకుంటే మరీ మంచిది.

అపోహ: ఇల్లు అమ్మిన లాభమంతా పన్నుకే పోతుంది.

రెండేళ్లకు పైగా ఉన్న ఇల్లు అమ్మి, రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా, ఆ లాభంలో కొత్త ఇంటికి పెట్టినంత మేరకు మినహాయింపు వస్తుంది. ఆదాయపు పన్ను రిటర్ను గడువు లోపల డబ్బు ఖర్చు కాకపోతే బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేయాలి. మిగతా వివరాలకు ఆడిటరును కలవండి.

అపోహ: మారడం ఎందుకు, ఉన్న ఇంటి మీద నా డబ్బుతో అంతస్తు వేస్తే అది నాదే.

పునాది తట్టుకుంటే, ప్లాను మంజూరైతే అంతస్తు వేయడం మంచి ఆలోచనే. కానీ కింద స్థలం నలుగురు వారసులదైతే, పైన మీరు పోసిన డబ్బు మీద కూడా తగువు నడుస్తుంది. పంపకం తేలాకే స్లాబు వేయండి.

అపోహ: అమ్మ మాతోనే ఉంటుంది, ఆమె వాటా లెక్క దేనికి?

పాత ఇంట్లో తల్లికి వాటా ఉంటుంది. ఆమె సంతకం పెడుతుంది, ఇల్లు అమ్ముడుపోతుంది, కొత్త ఇల్లు కొడుకు, కోడలి పేర్ల మీద రిజిస్టరవుతుంది. ఆమె పేరు ఎక్కడా ఉండదు. ఎవరూ కావాలని చేసింది కాదు, రుణం ఆ ఇద్దరి పేర్ల మీద వచ్చింది కాబట్టి అలా జరిగిపోతుంది. కొత్త దస్తావేజులో ఆమెను కూడా చేర్చమని నేను ప్రతిసారీ చెబుతాను. సహ యజమాని రుణంలోనూ చేరాలని బ్యాంకు పట్టుబట్టి, వయసు రీత్యా ఆమెను తీసుకోకపోతే, అమ్మకం సొమ్ములో ఆమె వాటాను ఆమె పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించండి. ఆ మేరకు ఇల్లు కాస్త చిన్నదే కొనుక్కోండి.