ఓవర్‌థింకింగ్ గురించి ఇంగ్లీష్‌లో చెప్పాలంటే: అపోహలు - వాస్తవాలు

స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తుంటాను. బుర్రలో తిరిగేదంతా తెలుగులో గడగడా చెప్పేసేవాళ్లు కూడా ఇంగ్లీష్‌లోకి వచ్చేసరికి "ఐయామ్ టెన్షన్" అని ఆగిపోతారు (అది "ఐయామ్ టెన్స్" లేదా "ఐయామ్ స్ట్రెస్డ్" అవ్వాలి, సరే అది వదిలేద్దాం). నాకు తరచూ వినిపించే అపోహలు ఇవి.

అపోహ: ఓవర్‌థింకింగ్ అనే ఒక్క మాట వస్తే చాలు.

వాస్తవం: అర్థమైతే అవుతుంది గానీ మీ బాధ ఏంటో తెలీదు. ఆలోచన దేని చుట్టూ తిరుగుతోందో చూసుకుని మాట పట్టుకోవాలి. అయిపోయినదాన్నే పట్టుకుని కూర్చుంటే డ్వెల్ ఆన్, "ఐ కీప్ డ్వెల్లింగ్ ఆన్ వాట్ షీ సెడ్" అనొచ్చు. రేపేమవుతుందో అని గుబులైతే వరీ అబౌట్. ఏది ఎంచుకోవాలో తేలక నలిగిపోతుంటే అగొనైజ్ ఓవర్, తీరా ఎంచుకున్నాక మళ్లీ తప్పు చేశానా అని పీక్కుంటుంటే "ఐ కీప్ సెకండ్ గెస్సింగ్ మైసెల్ఫ్". ఇక అవతలివాళ్లు ఓకే అని ఒక్క ముక్క మెసేజ్ పెడితే ఆ చివర ఫుల్‌స్టాప్ ఎందుకు పెట్టారు, కోపమొచ్చిందా, నేనేమన్నా అన్నానా అని గంటసేపు తవ్వుతాం చూడండి, అది "రీడింగ్ టూ మచ్ ఇంటూ ఇట్". క్లాసులో అందరూ నవ్వేదీ, అందరికీ గుర్తుండిపోయేదీ ఇదే. ఆన్, అబౌట్, ఓవర్, ఇంటూ లాంటి చిన్న మాటల్ని కూడా కలిపే నేర్చుకోండి, విడిగా బట్టీ పట్టిన లిస్టు మాట్లాడేటప్పుడు నోటికి రాదు.

అపోహ: థింక్ ఓవర్ అన్నా ఓవర్‌థింక్ అన్నా ఒకటే.

వాస్తవం: అస్సలు కాదు. "లెట్ మీ థింక్ ఇట్ ఓవర్" అంటే కాస్త టైమివ్వండి, ఆలోచించి చెప్తా అని. ఆఫీసులో నిక్షేపంగా వాడొచ్చు. "ఐ ఓవర్‌థాట్ ఇట్" అంటే అనవసరంగా బుర్ర పాడుచేసుకున్నా అని. ఓవర్‌థింక్డ్ అనే రూపం లేదు. ఇలాంటిదే ఇంకోటి, "ఐ కాంట్ స్టాప్ థింకింగ్" అనబోయి "ఐ కాంట్ స్టాప్ టు థింక్" అనేస్తారు, అప్పుడు అర్థం తిరగబడి ఆగి ఆలోచించే తీరిక నాకు లేదు అని అయిపోతుంది!

అపోహ: రూమినేషన్ (జరిగిందాన్నే మనసులో పదే పదే నెమరేసుకోవడం) లాంటి పెద్ద పదం వాడితే ఇంగ్లీష్ బాగా వచ్చినట్టు.

వాస్తవం: ఫ్రెండ్‌తో మాట్లాడుతూ వాడితే సైకాలజీ లెక్చర్‌లా ఉంటుంది. డిప్రెషన్ మీద పనిచేసిన సుసాన్ నోలెన్-హోక్సెమా లాంటి సైకాలజిస్టుల రాతల్లో ఆ మాట బాగా కనిపిస్తుంది, అక్కడ దానికి పద్ధతైన అర్థం ఉంది. మామూలుగా "ఐ కీప్ గోయింగ్ ఓవర్ ఇట్ ఇన్ మై హెడ్" చాలు. పైగా రూమినేషన్ డిజార్డర్ అన్నారనుకోండి, 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో (మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం) అది తిండికి సంబంధించిన సమస్య, మింగిన ఆహారం మళ్లీ నోట్లోకి రావడం.

అపోహ: "ఐ హ్యావ్ యాంగ్జైటీ", "ఐయామ్ సో ఓసీడీ" అనేవి ఊరికే అనుకునే మాటలు.

వాస్తవం: మొదటిది వింటే చాలామంది జబ్బనే అనుకుంటారు. ఇంటర్వ్యూ ముందు గుండె దడకి "ఐయామ్ నర్వస్" సరిపోతుంది. రెండోది నిజంగా ఓసీడీతో (వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు ఆపుకోలేని జబ్బు) బాధపడేవాళ్లకి ఇబ్బందిగా ఉంటుంది, మానేయండి. ఓవర్‌థింకింగ్ అయితే డీఎస్ఎం-5లో జబ్బు పేరుగా లేనే లేదు, కాబట్టి మామూలు మాటల్లో ధైర్యంగా వాడుకోవచ్చు.

అపోహ: "యూ ఆర్ ఓవర్‌థింకింగ్ ఇట్" అంటే ఓదార్చినట్టే.

వాస్తవం: బాధలో ఉన్నవాళ్లకి ఇక చాలు ఆపు అన్నట్టు వినిపిస్తుంది. "ఈజ్ ఇట్ స్టిల్ బాదరింగ్ యూ?" అని అడిగి చూడండి, వాళ్లే చెప్పుకుంటారు. ఓవర్‌థింకింగ్ అనే మాట మన మీద మనం వేసుకుంటే మాత్రం భలే పనికొస్తుంది. మీటింగ్‌లో డౌట్ ఉంది, అడిగితే ఏమనుకుంటారో అనిపిస్తే "మేబీ ఐయామ్ ఓవర్‌థింకింగ్ దిస్, బట్" అని మొదలుపెట్టి అడిగేయండి, ఎవరికీ గుచ్చుకోదు.