పేషెంట్ వెంట ఎవరొచ్చారు?

బెంగళూరు హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి ఓపీ దగ్గర పొద్దున్నే నిలబడితే కన్నడంతో పాటు తెలుగూ గట్టిగానే వినిపిస్తుంది. హిందూపురం, కదిరి, అనంతపురం వైపు నుంచి రాత్రి బస్సుకో తెల్లవారుజాము రైలుకో వచ్చినవాళ్లు కొందరు. సరిహద్దుకు ఇవతల బాగేపల్లి, ముళబాగిలు, కోలారు పల్లెల తెలుగు కుటుంబాలు కొన్ని. రాయలసీమకు విశాఖ ఆసుపత్రి దూరం, హైదరాబాదు ఎర్రగడ్డ దూరం. బెంగళూరు, వేలూరు దగ్గర. అందుకే తరాలుగా ఈ దారి అలవాటైంది. పేరు, వయసు, ఊరు చెప్పాక ఏ ఆసుపత్రిలోనైనా వచ్చే ప్రశ్న ఒకటుంది: "పేషెంట్ వెంట ఎవరొచ్చారు?"

వెంట వచ్చేది చాలాసార్లు అమ్మ, కాకపోతే భార్య, కాకపోతే అక్క. మాత్రలు ఎప్పుడెప్పుడు వేయాలో ఆమెకే చెబుతారు. రోగి రాత్రి నిద్రపోయాడా, తనలో తాను మాట్లాడుకుంటున్నాడా అని ఆమెనే అడుగుతారు. మనవి కలిసుండే కుటుంబాలు కాబట్టి ఆమె ఎలాగూ వస్తుందిలే అనుకుంటాం. అది సగమే నిజం. ఆమెను వార్డులోకి తెచ్చింది సంప్రదాయం ఒక్కటే కాదు, డెబ్భై ఏళ్ల కిందట కొందరు డాక్టర్లు ఆలోచించి తీసుకున్న నిర్ణయం.

అంతకుముందు పద్ధతి వేరు. 1912 నాటి లూనసీ చట్టం కింద మేజిస్ట్రేటు ఉత్తర్వుతో మనిషిని లోపలికి పంపేవాళ్లు, ఇంటివాళ్లు గేటు బయటే ఉండిపోయేవాళ్లు. మైసూరు సంస్థానపు మానసిక ఆసుపత్రి 1930లలో, మీర్జా ఇస్మాయిల్ దివాన్‌గిరీ కాలంలో, హోసూరు రోడ్డులోని కొత్త భవనాలకు మారింది. దేశంలో అప్పటికి మానసిక రోగులకు మంచాలు ఎన్ని ఉన్నాయో 1946లో దేశ ఆరోగ్య సేవలను పరిశీలించిన భోర్ కమిటీ లెక్క చెప్పింది: ఇంగ్లండులో సుమారు 300 మందికి ఒక మంచం ఉంటే ఇక్కడ సుమారు 40,000 మందికి ఒకటి. డాక్టర్లు లేరు, శిక్షణ పొందిన నర్సులు అసలే లేరు. ఆ నర్సులను, మనస్తత్వ నిపుణులను తయారు చేయడానికే 1954లో బెంగళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ పెట్టారు. 1974లో మానసిక ఆసుపత్రినీ దాన్నీ కలిపితే నిమ్హాన్స్ అయింది.

మంచాల కొరతకు ఆ రోజుల్లో దొరికిన జవాబు అమృత్‌సర్ నుంచి వచ్చింది. అక్కడి మానసిక ఆసుపత్రి సూపరింటెండెంట్ డాక్టర్ విద్యాసాగర్ 1950లలో ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగుల బంధువులను వాటిలో ఉండనిచ్చాడు. వాళ్లు దగ్గరుండి తినిపించారు, స్నానం చేయించారు, జబ్బు అంటే ఏమిటో ఆయన నోట విన్నారు. రోగులు తొందరగా తేరుకున్నారు. అంతకన్నా ముఖ్యం, ఇంటివాళ్లు వాళ్లను వెనక్కి తీసుకెళ్లారు. ఆసుపత్రిలో వదిలేసి మాయం కాలేదు. వేలూరు సీఎంసీ 1957లో మానసిక ఆరోగ్య కేంద్రం తెరిచినప్పుడు రోగితో పాటు ఇంటిమనిషి ఉండటమే అక్కడి పద్ధతి చేసుకుంది. 1970లలో నిమ్హాన్స్‌లోనూ కుటుంబ వార్డు నడిచింది.

ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. గొలుసుల కన్నా, గేట్ల కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. కానీ ఒప్పందంలో రెండు వైపులున్నాయి. ఇంటిమనిషి వార్డుకు వస్తుంది, నేర్చుకుంటుంది, ఇంటికెళ్లి చూసుకుంటుంది. బదులుగా ఆసుపత్రి ఆమె ఊరి దాకా వచ్చి అండగా నిలవాలి. మొదటి వైపు దేశమంతా అమలైంది. రెండోది బళ్లారిలాంటి చోట్ల ప్రయోగంగా మొదలైంది. 1980లలో ఆ జిల్లా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి నిమ్హాన్స్ శిక్షణ ఇచ్చింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అదే. మందులు జిల్లా ఆసుపత్రి దాకా చేరాయి, చాలాచోట్ల అక్కడే ఆగాయి. ఇంటికొచ్చి "నువ్వెలా ఉన్నావమ్మా?" అని అడిగే మనిషి చేరలేదు.

ఈలోగా ఇంకో సంగతి జరిగింది. 1968 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన అధ్యయనాల్లో స్కిజోఫ్రీనియా (భ్రమలు, భ్రాంతులు వచ్చే తీవ్రమైన మానసిక జబ్బు) రోగులు ధనిక దేశాలకన్నా ఆగ్రాలాంటి చోట్ల మెరుగ్గా కోలుకుంటున్నట్టు కనిపించింది. కారణాలపై వాదోపవాదాలు ఇప్పటికీ తెగలేదు. కుటుంబమే కారణమన్న వివరణ మాత్రం అందరికీ నచ్చింది. పొగడ్త ఎంత సౌకర్యమో చూడండి. కుటుంబం అంత గొప్పదైతే వార్డులు ఎందుకు, డే కేర్ ఎందుకు, ఇంటికెళ్లే నర్సు ఎందుకు?

ఆ పొగడ్తను బల్లమీద పెట్టి కొలిచిన పని కూడా బెంగళూరులోనే జరిగింది. 1981లో నిమ్హాన్స్ నుంచి పాయ్, ఆర్.ఎల్. కపూర్ ఒక ప్రశ్నావళి ప్రచురించారు. మానసిక రోగి ఉన్న ఇంట్లో మిగతావాళ్ల మీద పడే భారం ఎంతో తేల్చడం దాని పని. అందులో 24 అంశాలు, ఆరు గుంపులు. మొదటిది డబ్బు: రోగి జీతం పోయిందా, ఇంకొకరి జీతం పోయిందా, వైద్యానికి ఎంత, దారిఖర్చులెంత, అప్పు చేశారా, దేన్ని వాయిదా వేశారు. తర్వాత ఇంటి రోజువారీ పనులు, తీరిక, కుటుంబంలోనూ ఇరుగుపొరుగుతోనూ సంబంధాలు, ఇతరుల శారీరక ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం. ఒక్కో అంశానికి 0, 1 లేదా 2. భారం లేకపోతే సున్నా, ఓ మోస్తరైతే ఒకటి, తీవ్రమైతే రెండు. మార్కు వేసేది అడిగే మనిషి.

చివర్న ఇంటిమనిషిని సూటిగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ జబ్బు వల్ల మీరు ఎంత బాధపడ్డారు: చాలానా, కొద్దిగానా, అస్సలు లేదా? అప్పు, నిద్ర, పస్తులు కనిపించే భారం. ఈ ఒక్క ప్రశ్న కనిపించనిదానికి. రెండూ ఎప్పుడూ సరితూగవు. 24 అంశాల్లో మార్కులు నిండిపోయిన తల్లి ఈ ప్రశ్న దగ్గర "నా బిడ్డే కదా, బాధేముంది" అనొచ్చు. ఆ జవాబు విని కాగితం మూసేస్తే అంతా తప్పుగా చదివినట్టే.

అదే 1981లో అమెరికాలో మరో ప్రశ్నావళి వచ్చింది. న్యూయార్కులోని ఉచిత క్లినిక్‌లో తోటివాళ్లూ తానూ నిస్సత్తువలోకి జారిపోవడం గమనించిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో దానికి బర్నౌట్ అన్న మాట వాడాడు. క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ కలిసి దాన్ని 22 వాక్యాల కొలబద్దగా మార్చారు. అది మూడు సంగతులు చూస్తుంది. ఒకటి, లోపలంతా అరిగిపోయిన అలసట. రెండోది, ఎదుటి మనిషి మనిషిగా కనిపించకుండా పోయి కేసుగా మారడం. మూడోది, చేసే పనికి ఫలితం లేదన్న నమ్మకం. నర్సులు, డాక్టర్లు, టీచర్లు, సామాజిక కార్యకర్తలు అందులోకి వచ్చారు. జీతం తీసుకునేవాళ్లు.

ఈ తేడా తర్వాత గట్టిపడింది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో బర్నౌట్‌కు క్యూడీ85 అన్న సంకేతం ఉంది. అది జబ్బు కాదు, ఉద్యోగానికి సంబంధించిన స్థితి మాత్రమేననీ, జీవితంలోని ఇతర రంగాల అనుభవాలకు ఆ మాట వాడకూడదనీ అక్కడే రాశారు. పన్నెండు గంటల డ్యూటీ చేసి డీలాపడిన నర్సుకు ఆ సంకేతం వర్తిస్తుంది. అదే వార్డులో ఇరవై నాలుగు గంటలూ కూర్చున్న అమ్మకు వర్తించదు. నడిమధ్య ఆశా కార్యకర్తలున్నారు. 2005 నుంచి ఊరి ఆరోగ్యమంతా వాళ్ల మీద పెట్టి, కాగితం మీద మాత్రం స్వచ్ఛంద కార్యకర్తలన్నారు. కోవిడ్ ఏడాది కర్ణాటకలో వాళ్లు నెలకు 12,000 రూపాయల స్థిర వేతనం అడుగుతూ రోడ్డెక్కింది అందుకే.

మరి పరిశోధన ఇంటిమనిషిని పట్టించుకోలేదా అంటే, పట్టించుకుంది, కానీ రోగికి ప్రమాదంగా. లండన్‌లో మొదలైన అధ్యయనాల్లో రోగిని ఇంట్లోవాళ్లు ఎంత విమర్శిస్తున్నారు, ఎంత కసురుతున్నారు, ఎంత అతిగా పట్టుకుని ఉన్నారు అన్నది కొలిచారు. అలాంటి ఇంట్లో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపిన రోగికి జబ్బు తిరగబెట్టడం ఎక్కువని తేలింది. కొలత సరైనదే. కానీ రాత్రికి మూడు గంటలు నిద్రపోయే మనిషి పొద్దున మాత్ర మింగమని కసరడం స్వభావమా, అలసటా? అలసటైతే రోగికి వేసే మందులో ఆమె నిద్ర కూడా భాగం కావాలి.

ఆ నిద్ర ఎక్కడ పోతుందో చూద్దాం. తీవ్రమైన ఉన్మాదంలో రోగి రాత్రంతా తిరుగుతాడు, తలుపు గొళ్లెం పెట్టి కాపలా కాయాలి. ఆత్మహత్య ఆలోచన ఉన్నవాళ్లను మాత్రల డబ్బాతో, పురుగుమందుతో ఒంటరిగా వదలకూడదు. కూలికెళ్లే ఇంట్లో అది ఒకరి కూలి పోవడమే. క్లోజపిన్ అనే మందు మొదలుపెడితే తెల్లరక్తకణాలు పడిపోతున్నాయేమో చూడాలి కాబట్టి మొదటి 18 వారాలు వారానికోసారి రక్తపరీక్ష. లిథియం వేసేవాళ్లకు విరేచనాలో వాంతులో పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గి మందు మోతాదు విషమవుతుంది. అది కనిపెట్టాల్సిందీ ఆమే. ఇవన్నీ ఒక మనిషి మీదే పెడితే ముందుగా మానేసేది తన బీపీ మాత్ర. తర్వాత పెళ్లిళ్లకు వెళ్లడం. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం.

అలా అలిసిపోయిన ఇళ్ల నుంచి మనుషులు ఎక్కడికి చేరతారో 2001 ఆగస్టు 6న దేశానికి తెలిసింది. తమిళనాడు ఏర్వాడి దర్గా దగ్గరి ఆశ్రమంలో గొలుసులతో కట్టేసిన రోగులు మంటల్లో చిక్కుకుని 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. ఇంటివాళ్లను తిట్టినవాళ్లు చాలామంది. వాళ్లు అక్కడ వదిలేసే ముందు ఎన్నేళ్లు చూసుకున్నారని అడిగినవాళ్లు తక్కువ.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ చూసుకునే మనిషికి నిర్వచనం ఇచ్చింది: రోగితో కలిసి ఉంటూ చూసుకునే వ్యక్తి, బంధువైనా కాకపోయినా, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా. ఇంటివాళ్లకు అండగా ఉండే సేవలు ప్రభుత్వం ఏర్పాటు చేయాలని 18వ సెక్షన్‌లో రాసింది. ఆ సేవలు కనిపించే ఊళ్లు తక్కువే కాబట్టి, ఉన్న చట్టంలో చేతికందేవి వాడుకోవాలి.

ఒకటి నామినేటెడ్ ప్రతినిధి, అంటే వైద్యం విషయంలో తన తరఫున నిలబడటానికి రోగి ఎంచుకునే మనిషి. రోగి మనసు కుదురుగా ఉన్నప్పుడు తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో పెడితే చాలు. అలా ఎంచుకున్న మనిషి మేజరై, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. 89వ సెక్షన్ కింద 30 రోజుల దాకా చేర్పించమని దరఖాస్తు పెట్టేది ఆ ప్రతినిధే. ఇంట్లో చూసుకునేది అమ్మ అయితే ప్రతినిధిగా తమ్ముడినో మేనమామనో పెట్టడం మంచిది. "నన్ను ఆసుపత్రిలో వేసింది నువ్వే" అన్న కోపం అన్నం పెట్టే చేతి మీద పడదు.

రెండోది సదరం సర్టిఫికెట్, వైకల్యం ఎంత శాతమో చెప్పే కాగితం. ఆంధ్రా పింఛనుకు అక్కడి శిబిరానికే వెళ్లాలి. బెంగళూరు డిశ్చార్జి కాగితాలు చూపించడానికి మాత్రం పనికొస్తాయి. మానసిక వైకల్యాన్ని నాలుగు విషయాల్లో చూస్తారు: తన ఒంటిని తాను చూసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడటమూ అర్థం చేసుకోవడమూ, పని. ఇబ్బంది ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ మార్కు, ఒక్కోదానికి 0 నుంచి 4. జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నదానికి ఇంకో 4 దాకా. 20కి కనీసం 7 వస్తేనే 40 శాతం. ఇక్కడ చాలామంది నష్టపోయేది ఒకే చోట. అమ్మ స్నానం చేయించి, గడ్డం గీయించి, ఉతికిన చొక్కా తొడిగి తీసుకెళుతుంది. డాక్టరు అడిగితే "స్నానం చేస్తాడు సార్" అంటుంది. మార్కు సున్నా. "నేను నాలుగుసార్లు చెప్పి, నీళ్లు తోడిపెడితే చేస్తాడు" అనడమే నిజం. ఆ నాలుగుసార్లు చెప్పడమే వైకల్యం కొలత.

మూడోది 14416. మానసిక ఆరోగ్య సహాయానికి 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఫోన్ నంబరు ఇది, నిమ్హాన్స్ దాని ప్రధాన కేంద్రం. తెలుగు ఎంచుకోవచ్చు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. రోగి కోసమే చేయాలని ఎక్కడా లేదు. "నాకు ఓపిక అయిపోయింది" అని చేసినా ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు.

రివ్యూకు వచ్చినప్పుడు ఇంటిమనిషి చేయాల్సిన పని మరొకటుంది. రోగి చీటీ వెనక తన సంగతీ నాలుగు ముక్కలు రాసుకుని రావడం: రాత్రికి ఎన్ని గంటల నిద్ర, ఈ నెల ఎన్ని రోజుల కూలి పోయింది, ఎంత అప్పయింది, తన మాత్రలు ఎన్ని పూటలు మానేసింది. ఇవి 1981 నాటి ఆ 24 అంశాలు అడిగేలాంటివే. డాక్టరు అడక్కపోయినా కాగితం బల్లమీద పెట్టొచ్చు.