కుండను పేల్చేది గాలి బుడగ కాదు, తడి

దీపావళి దగ్గర పడుతోందంటే నా ఫోను మోగడం మొదలవుతుంది. ఈసారి కావలి నుంచి ఒక అమ్మాయి చేసింది. కొత్తగా చిన్న కరెంటు బట్టీ కొనుక్కుని ఇంట్లోనే ప్రమిదలు, కూజాలు చేస్తోంది. "అన్నా, మొదటి బట్టీ మొత్తం పోయింది. మట్టి సరిగా పిసకలేదేమో, గాలి బుడగలు ఉండిపోయాయి" అని ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. ఎంతసేపట్లో 200 డిగ్రీలు దాటించావమ్మా అని అడిగాను. గంటలో అంది. వస్తువులు ఎన్నాళ్లు ఆరాయని అడిగాను. నాలుగు రోజులు అంది. ఆ నాలుగు రోజులూ జిల్లా అంతా ముసురే. ఇక బుడగల సంగతి అడగాల్సిన పని లేకపోయింది.

అపోహ: మట్టిలో గాలి బుడగ ఉంటే కుండ బట్టీలో పేలిపోతుంది.

మా పనిలో ఇంత నష్టం చేసిన మాట ఇంకొకటి లేదు. నేర్పేవాళ్లే దీన్ని చెబుతారు, వీడియోల్లో చెబుతారు, విన్నవాళ్లు మరో పదిమందికి చెబుతారు. దాంతో కొత్తవాళ్లు మట్టిని గంటల తరబడి పిసికి మణికట్టు నొప్పులు తెచ్చుకుంటారు. తీరా ఆరబెట్టే దగ్గరికి వచ్చేసరికి తొందరపడతారు. దొంగ పెరటి దారిన వస్తుంటే వీధి తలుపుకు రెండు తాళాలు వేసినట్టు ఉంటుంది.

వాస్తవం ఇది. మామూలు వేడిమి నుంచి 900 డిగ్రీల దాకా వేడెక్కిన గాలి సుమారు నాలుగు రెట్లు పెరుగుతుంది. అదీ ఒక్కసారిగా కాదు, కొన్ని గంటల మీద. పచ్చి కుండ గోడ నిండా కంటికి కనిపించని సందులు ఉంటాయి కాబట్టి ఆ గాలి మెల్లగా బయటికి పోతుంది. నీటి తీరు అలా కాదు. 100 డిగ్రీల దగ్గర ఆవిరిగా మారిన నీటికి దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. మందమైన అడుగులో కొద్దిపాటి తడి చిక్కుకుని, మంట వేగంగా పెరిగితే ఆ ఆవిరికి దారి దొరకదు. గోడను బద్దలు కొట్టుకుని బయటపడుతుంది.

మరి బుడగకు ఈ నింద ఎలా వచ్చింది? మట్టి మందంగా ఉన్నచోటే బుడగలు దాక్కుంటాయి, మందంగా ఉన్నచోటే తడి ఆలస్యంగా ఆరుతుంది. పేలిన పెంకు తీసి చూస్తే బుడగ తాలూకు గుంట కనిపిస్తుంది. నీరు కనిపించదు, అది ఎప్పుడో వెళ్లిపోయింది. నా దగ్గర నేర్చుకునేవాళ్లకు ఇది చేసి చూపిస్తాను. కావాలని బుడగలు ఉంచి రెండు మందపాటి ముద్దలు చేస్తాను. ఒకటి నెల రోజులు ఆరబెడతాను, ఇంకొకటి రెండు రోజులే. రెండింటి మీదా పాత బానలు బోర్లించి కాలుస్తాను. నెల ఆరినది చెక్కు చెదరకుండా వస్తుంది. రెండోదాని కింద పెంకులు ఏరుకోవాలి.

మట్టి పిసకవద్దని నేను అనడం లేదు. బుడగ ఉన్న మట్టి కుమ్మరి సారె మీద చేతికి లొంగదు, గోడ పలచబడినచోట చిల్లు పడుతుంది. కానీ అది సారె దగ్గర వచ్చే ఇబ్బంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాలవాళ్లు ఈ సంగతి మరీ గట్టిగా గుర్తుంచుకోవాలి. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక వాయుగుండం పోతే ఇంకొకటి. సరిగ్గా ఆ రోజుల్లోనే దీపావళి, వెనకే కార్తీకమాసం. ప్రమిదలకు గిరాకీ ఉన్న కాలమూ, మట్టి ఆరని కాలమూ మనకు ఒకటే. మే నెలలో మూడు రోజుల్లో ఆరే కూజా నవంబరులో మూడు వారాలు పెట్టినా ఆరుతుందన్న నమ్మకం లేదు.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు నాన్నకు కార్తీకంలో జ్వరం వచ్చింది. ఒక గుడికి 800 ప్రమిదలు ఒప్పుకుని ఉన్నాం. వాన రెండు రోజులు తెరిపి ఇవ్వగానే కుండలు కాల్చే ఆవం నేనే పేర్చి నిప్పు పెట్టాను. ఊక, కట్టెలు బాగా అంటుకున్నాయి. కాసేపటికి లోపలి నుంచి టపటపమని చప్పుడు. నాన్న ఆ చప్పుడు మంచంలోనుంచే విని, దుప్పటి కప్పుకుని బయటికి వచ్చాడు. కట్టెలు లాగెయ్యమన్నాడు, తిట్టలేదు. మర్నాడు చల్లారాక ఒక పెంకు నా చేతిలో పెట్టి, "మట్టి బాగానే తొక్కావురా, ఆరనివ్వలేదు" అన్నాడు. అమ్మ ఆ పెంకులన్నీ దంచి జల్లించింది, కొత్త మట్టిలో కలుపుకున్నాం. ఆ ఏడు గుడికి సగం ప్రమిదలే ఇవ్వగలిగాం.

కుండ ఆరిందో లేదో తెలుసుకోవడానికి అడుగును చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. వంటింటి తక్కెడ ఉంటే రోజూ తూకం వేయండి, బరువు తగ్గడం ఆగేదాకా బట్టీ ముట్టుకోవద్దు. అయితే ముసురు గాలిలో తూకం నిలిచినా మట్టి కొంత తేమను పట్టుకునే ఉంటుంది. అందుకే బట్టీని 90 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి, మూత కాస్త తెరిచి. తెల్లవారి ఆ సందు దగ్గర అద్దం ముక్క పట్టి చూడండి. ఆవిరి పట్టకపోతే అప్పుడు పైకి వెళ్లండి. 600 డిగ్రీలు దాటేదాకా నెమ్మదిగానే, ఎందుకంటే మట్టి రేణువుల్లో కలిసి ఉన్న నీరు పోయేది 450 దాటాకే. ఆవం కాల్చేవాళ్లు మొదట చాలాసేపు చిన్న మంటతో పొగబెట్టేది కూడా ఇందుకే.

త్వరగా ఆరుతుందని పచ్చి కుండను ఎండలో పెట్టకండి. అంచు ముందు ఆరి కుంచించుకుంటుంది, అడుగు తడిగా మిగులుతుంది, మధ్యలో చీలుతుంది. నీడలో, అంచుకు గుడ్డ కప్పి ఆరబెట్టాలి.

కాల్చిన వారానికో నెలకో పెచ్చు ఎగిరితే బట్టీని తప్పు పట్టకండి. మట్టిలో సున్నపురాయో గుల్లో ఉండిపోయింది. కాలిన సున్నం గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది. సముద్రం దగ్గరి మట్టి వాడేవాళ్లు సన్నటి జల్లెడ పట్టి తీరాలి.

నీళ్ల కుండ చెమరిస్తే ఓటిదని వెనక్కి తెస్తారు. చెమరించి, ఆ తడి ఆవిరవడం వల్లే లోపలి నీరు చల్లబడుతుంది.

చేపల పులుసు గురించి ఒక్క మాట. మామూలు మట్టి దాకలో వండితే విషమా అని భయపడుతూ అడిగే తల్లులున్నారు. మంచి మట్టితో చేసి, బాగా కాల్చి, ఏ పూతా వేయని దాకకు భయం అక్కర్లేదు. భయపడాల్సింది అలంకారం కోసం అమ్మే, తళతళ మెరిసే రంగుల పాత్రలకు. తక్కువ వేడికి కరిగే పూతల్లో సీసం ఉండవచ్చు, చింతపండు పులుపు దాన్ని కూరలోకి లాగుతుంది. పూత దేనితో చేశారో అమ్మేవాళ్లు చెప్పలేకపోతే అందులో పులుసు కాచకండి.

కావలి అమ్మాయి మళ్లీ 40 ప్రమిదలు, రెండు కూజాలు చేసింది. నిన్న ఫోను చేసి, పెద్ద కూజా 1,240 గ్రాములు తూగిందని చెప్పింది. మొన్నా అంతేనట. బయట ఇంకా తుంపర పడుతోందట. ఈ రాత్రికి 90 దగ్గర పెట్టి పడుకోమన్నాను.