గబగబా కొడితే నీళ్ళు రావు

"మా తాతయ్యకి 86. గుండె వాల్వు గట్టిపడి సన్నబడిందట. ఈ వయసులో ఛాతీ కోయించాలా?" అని ఒకావిడ అడిగారు. కోయక్కర్లేకపోవచ్చండి. తొడ దగ్గర ధమనిలోంచి గొట్టం పంపి, మడిచిన కొత్త వాల్వుని పాతదాని లోపలే విప్పేస్తారు. దీన్ని టావీ అంటారు. ఫ్రాన్సులో ఆలన్ క్రిబియే అనే గుండె డాక్టరు 2002లో మొదటిసారి మనిషికి చేశాడు. పాతదాన్ని తీయరు, గోడకి అదిమేస్తారు. (కిళ్ళీలో సున్నం తినడం వల్లే వాల్వు గట్టిపడిందని మా వీధిలో ఒక పెద్దాయన వాదన. కాదు బాబూ, వాల్వులోని కణాలే ఎముక కణాల్లా మారి కాల్షియం పేరుస్తాయి.)

నాకు పిచ్చి ఇష్టమైన ఘట్టం, కొత్త వాల్వుని విప్పడానికి దాని లోపలి బెలూన్ ఉబ్బించే ఆ కొద్ది సెకన్లు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, రక్తం తోసుకొస్తుంది, బెలూనేమో సరిగ్గా దారికడ్డం, ఊరుకుంటే వాల్వుతో సహా మహాధమనిలోకి కొట్టుకుపోతుంది. మరి ప్రవాహాన్ని ఆపేదెలా? పేసింగ్ తీగతో, అంటే గుండెకి చిన్న కరెంటు దెబ్బలిచ్చే తీగతో, గుండెని నిమిషానికి 180-200 సార్లు కొట్టిస్తారు! ఊళ్ళో చేతిపంపు గుర్తుందా? పిల్లలు పిడి పట్టుకుని పొట్టిపొట్టిగా గబగబా ఊపుతారు, చప్పుడే తప్ప చుక్క రాదు. గుండెకీ అంతే. 200 సార్లంటే ఒక్కో దెబ్బకి 0.3 సెకను, అందులో వదులై నిండడానికి మిగిలేది ఎంతని? పైగదులకీ కిందిగదులకీ వరస కూడా తప్పుతుంది. పై బీపీ 60 కిందికి జారుతుంది, బెలూన్ కదలదు. పని కాగానే పేసింగ్ ఆపేస్తారు. మొండి పంపులో చెంబెడు నీళ్ళు పోస్తేగానీ అందుకోనట్టు, ఏళ్ళ తరబడి ఇరుకు దారిలోంచి రక్తం తోసి తోసి మందమెక్కిన కొన్ని గుండెలు వెంటనే అందుకోవు, అందుకే మత్తు డాక్టరు బీపీ పెంచే మందు చేతిలో పట్టుకునే ఉంటాడు. బెలూన్ లేకుండా తనంతట తాను విచ్చుకునే నిటినాల్ (ఒక మిశ్రలోహం) వాల్వుకి చాలాసార్లు ఇంత హడావిడి ఉండదు.

ఇబ్బందులు లేవని కాదు. పక్షవాతం భయం ఉంది. వాల్వు పక్కనే గుండె కరెంటు దారి, అది నొక్కుకుంటే పేస్‌మేకర్ పెట్టాలి. ఇది చేశాక ఆసుపత్రిలో రాత్రిళ్ళు ఎక్కడున్నారో తెలియక తికమకపడే పెద్దవాళ్ళకి కళ్ళజోడు, చెవి మిషను వెంటనే ఇచ్చేయండి, ఇంట్లోవాళ్ళు ఒకరు పక్కనుండండి. చాలామందిని మర్నాడే లేపి నడిపిస్తారు. పడుకోబెడితే కండ కరిగిపోతుంది మరి.

ఆపరేషన్‌కి పనికిరారన్న రోగుల మీద, సగటు వయసు 83, జరిపిన ప్రయోగం ఫలితాలు 2010లో వచ్చాయి. మామూలు వైద్యంతో ఏడాదిలో నూటికి 51 మంది పోతే టావీతో 31 మంది పోయారు. అంటే టావీ చేసినా దాదాపు మూడోవంతు మంది దక్కలేదు, ఎందుకంటే వాళ్ళ జబ్బు ఒక్క వాల్వే కాదు. అందుకే ముందుగా 5 మీటర్లు నడిపించి చూస్తారు. 6 సెకన్లు, అంతకు మించి పడితే ఒంట్లో ఓపిక తక్కువని లెక్క. తాతయ్యని వరండాలో ఒకసారి నడవమనండి, ఫోన్‌లో టైమ్ చూడండి, ఆ అంకె డాక్టరుగారికి చెప్పండి.